ఫాల్స్ చర్చి: ఆ గుడి ఎవరిది?

వాషింగ్టన్ డీసీ దాటి వర్జీనియా వైపు పది కిలోమీటర్ల చిల్లర వెళ్తే ఫాల్స్ చర్చి అనే చిన్న ఊరు వస్తుంది. మొత్తం కలిపి రెండు చదరపు మైళ్లు, జనాభా పదిహేను వేల లోపు. పక్కనే ఉన్న ఫెయిర్‌ఫ్యాక్స్, లౌడన్ కౌంటీల్లో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి కాబట్టి మెట్రో స్టేషన్ బోర్డు మీదైనా ఈ పేరు చూసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఊరికి పేరిచ్చిన చర్చి మాత్రం ఊరికంటే పాతది. ఆ ఎర్ర ఇటుకల గుడి కట్టడం 1769లో పూర్తయింది. ఊరికి టౌన్ హోదా వచ్చింది 1875లో, నగరం హోదా వచ్చింది 1948లో.

2006 డిసెంబరులో ఆ చర్చి సభ్యులు ఓటేసి, తొంభై శాతం మెజారిటీతో, ఎపిస్కోపల్ చర్చి (అమెరికాలోని ఆంగ్లికన్ సభ) నుంచి బయటికి వచ్చేశారు. గుడి, స్థలం, బ్యాంకులో సొమ్ము తమవేనన్నారు. ఏడేళ్లకు పైగా కోర్టుల్లో నలిగాక గుడి ఆ తొంభై శాతానికి దక్కలేదు. పాత సభలోనే ఉండిపోయిన కొద్దిమందికి దక్కింది. వినగానే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. కానుకలు వేసింది వాళ్లు, మరమ్మతులు చేయించింది వాళ్లు, ఆదివారం ఆదివారం బల్లలు నింపింది వాళ్లు. మరి గుడి వాళ్లది కాకుండా ఎలా పోయింది? తీర్పు ఒక్కటే చదివితే దీనికి జవాబు దొరకదు. ఆ గోడల చరిత్ర మొదటి నుంచీ చూడాలి.

మొదట్లో అది ప్రభుత్వపు గుడి. వర్జీనియా ఇంగ్లండు వలస రాజ్యంగా ఉన్నప్పుడు చర్చ్ ఆఫ్ ఇంగ్లండే, అంటే ఆంగ్లికన్ చర్చే, అధికారిక మతం. పారిష్ అంటే భక్తుల సంఘం మాత్రమే కాదు, పాలనా విభాగం కూడా. వెస్ట్రీ అనే పెద్దల కమిటీ జనం మీద పన్ను వేసేది. ఆ పన్ను నాణేల్లో కాదు, పొగాకు పౌండ్ల లెక్కన కట్టాలి. బాప్టిస్టు, ప్రెస్బిటేరియన్ లాంటి వేరే క్రైస్తవ శాఖల వాళ్లయినా కట్టాల్సిందే. ఆ సొమ్ముతోనే పాస్టరుకు జీతం, గుడి కట్టడం, అనాథలను సాకడం, దిక్కులేని ముసలివాళ్లకు తిండి. పొలాల సరిహద్దులు నడిచి చూసి ఖాయం చేయించే పని కూడా వెస్ట్రీదే. ఈ ప్రాంతం 1732లో ట్రూరో పారిష్‌గా ఏర్పడింది. మరుసటి ఏడాదే ఇక్కడ ఒక కొయ్య గుడి మొదలుపెట్టారు. పొటోమాక్ నదిలో లిటిల్ ఫాల్స్ అనే జలపాతం దగ్గరి రేవుకు వెళ్లే బాట పక్కన ఉంది కాబట్టి అదే గుర్తుగా ‘ఫాల్స్ చర్చి’ అన్నారు. 1746లో జాన్ ట్రామెల్ అనే భూస్వామి రెండెకరాల స్థలాన్ని ట్రూరో పారిష్ వెస్ట్రీ పేర దస్తావేజు రాసిచ్చాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత లాయర్లు తవ్వి తీసిన కాగితాల్లో ఇదొకటి.

కొయ్య గుడి ముప్పై ఏళ్లకే శిథిలమైంది. 1762లో ట్రూరో వెస్ట్రీకి ఎన్నికైన వాళ్లలో జార్జి వాషింగ్టన్ ఒకడు. అప్పటికింకా దేశం లేదు, అధ్యక్ష పదవీ లేదు, ఆయన ఒక తోటల యజమాని. ఇటుకతో కొత్త గుడి కట్టాలని ఆ కమిటీ తీర్మానించింది. ఈలోగా పారిష్ రెండుగా చీలి ఈ ప్రాంతం ఫెయిర్‌ఫ్యాక్స్ పారిష్‌లోకి వెళ్లింది, పని ఆ కొత్త వెస్ట్రీ చేతిలో పూర్తయింది. ప్లాను గీసింది జేమ్స్ రెన్. వర్జీనియాలోనే ఉన్న అలెగ్జాండ్రియా ఊళ్లోని క్రైస్ట్ చర్చికి నమూనా ఇచ్చింది కూడా ఈయనే. రెండు గుళ్లూ ఒకే పారిష్‌వి.

కట్టడం చూస్తే ఆడంబరం ఏమీ ఉండదు. శిఖరం లేదు, గంట గోపురం లేదు. దీర్ఘ చతురస్రాకారపు గది, పైనా కిందా రెండు వరసల కిటికీలు, నాలుగు వైపులా వాలిన కప్పు. నాకు ఇందులో నచ్చేది ఆ లెక్క తప్పని పొందికే. గోడలో ఎక్కడా హెచ్చు లేదు, తగ్గు లేదు. అయితే ఆ పొందిక ఎవరి చెమటతో వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఈ కట్టుబడిలో బానిసల శ్రమ ఉంది. వాళ్ల నైపుణ్యానికి కృతజ్ఞతగా, జరిగినదానికి పశ్చాత్తాపంగా ఇప్పటి సంఘం గుడి ఆవరణలో ఒక రాయి వేయించింది. దాని మీద ఒక్క పేరు కూడా లేదు. డబ్బు వసూలు చేసిన కమిటీలో ఎవరెవరున్నారో మనకు తెలుసు, ఇటుకలు మోసినవాళ్ల పేర్లు తెలియవు.

స్వాతంత్ర్య యుద్ధంతో ఆ గుడికి యజమాని లేకుండా పోయాడు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండుకు అధిపతి ఇంగ్లండు రాజు. రాజు మీద తిరగబడిన చోట ఆ రాజు చర్చి ఏ ముఖంతో నడుస్తుంది? 1776 నుంచే చర్చి పన్ను ఆపేశారు. 1786లో జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛ చట్టాన్ని మాడిసన్ పట్టుబట్టి వర్జీనియా శాసనసభలో నెగ్గించాడు. ఇకమీదట ఏ మతానికీ ప్రభుత్వం కొమ్ము కాయదు. మిగిలిన ఆంగ్లికన్లు బిషప్పులను పెట్టుకుని, 1789 నాటికి ఎపిస్కోపల్ చర్చి పేరుతో కొత్త సభగా నిలదొక్కుకున్నారు. కానీ ఆస్తుల సంగతి? పన్ను కట్టిన అందరిదీ అని ఒక వాదం. పాత సభకు వారసులం మేమే కాబట్టి మాదని ఎపిస్కోపల్ వాళ్ల వాదం. 1802లో వర్జీనియా శాసనసభ మధ్యేమార్గం పట్టింది. పాస్టర్ల పోషణకని కేటాయించిన మాన్యం భూములు ఖాళీ అయినప్పుడల్లా అమ్మి బీదల కోసం వాడాలంది. గుడి భవనాలనూ వాటి ఆవరణలనూ మాత్రం ముట్టుకోలేదు.

ఈ చట్టం మీద నడిచిన పెద్ద వ్యాజ్యం మన ఫెయిర్‌ఫ్యాక్స్ పారిష్ మాన్యం గురించే కావడం నాకు ఆసక్తికరంగా అనిపించింది. ఆ భూమి అప్పట్లో డీసీలో కలిసి ఉన్న అలెగ్జాండ్రియాలో ఉంది. 1815లో అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ జోసెఫ్ స్టోరీ తీర్పు రాశాడు: ఒకసారి న్యాయంగా సంక్రమించిన ఆస్తిని శాసనసభ చట్టం చేసి లాక్కోలేదు, విప్లవం వచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు. అంటే గుడి ఎవరిదన్న ప్రశ్న ఈ పారిష్‌లో 2006లో కొత్తగా పుట్టింది కాదు. దానికి అంతకు రెండు వందల ఏళ్ల ముందే పాదు పడింది.

కోర్టులో గెలిచారు గానీ గుడికి వచ్చేవాళ్లు లేరు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి 1830ల దాకా ఫాల్స్ చర్చి దాదాపు పాడుబడి ఉంది. అప్పుడు హెన్రీ ఫెయిర్‌ఫ్యాక్స్ అనే స్థానికుడు చేతి డబ్బు పెట్టి బాగు చేయించాడు. 1836లో ఇక్కడి సంఘం వర్జీనియా డయోసిస్‌లో (ఒక బిషప్ కింద ఉండే చర్చిల సముదాయంలో) తిరిగి చోటు సంపాదించుకుంది. ఫెయిర్‌ఫ్యాక్స్ 1847లో మెక్సికో యుద్ధానికి వెళ్లి అక్కడే చనిపోయాడు. ఆయన సమాధి ఈ గుడి ఆవరణలోనే ఉంది. డయోసిస్‌లో చేరడం అన్న ఆ ఒక్క అడుగును పాఠకులు గుర్తుంచుకోవాలి. అప్పట్లో అది ఎవరికీ పెద్ద విషయంగా తోచి ఉండదు.

అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ఈ గుడిని మొదట ఆస్పత్రిగా, తర్వాత గుర్రాల సాలగా వాడుకుంది. సైనికులు గుడి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఇప్పటికీ అందుబాటులో ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే కింది వరస కిటికీల అడుగున, గోడ దెబ్బతిన్న చోట, యుద్ధం తర్వాత పెట్టిన ఇటుక తేడా తెలుస్తుంది. పాత ఇటుకకూ దీనికీ రంగు కలవదు. తర్వాత తరాల వాళ్లు దాన్ని సున్నంతో కప్పేయకుండా వదిలేయడం మంచిదైంది.

ఆ యుద్ధం గోడల మీదే కాక చట్టంలోనూ ఒక మచ్చ మిగిల్చింది. బానిసత్వం విషయంలో మెథడిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1844లోనే ఉత్తరం, దక్షిణం అని చీలిపోయారు. వర్జీనియా రెండింటి మధ్యలో ఇరుక్కుంది. ఊరూరా ఒకే గుడి కోసం రెండు పక్షాలు. 1867లో శాసనసభ ఒక చట్టం తెచ్చింది: ఏదైనా సభ చీలినప్పుడు, స్థానిక సంఘం మెజారిటీ ఓటుతో ఏ శాఖలో ఉండాలో తేల్చుకోవచ్చు, ఆస్తి కూడా ఆ ఓటు వెంటే పోతుంది. వేరే రాష్ట్రాల్లో ఇలాంటిది అరుదు. బానిసత్వపు తగాదాలు సర్దడానికి పుట్టిన ఆ చట్టం నూట నలభై ఏళ్లు పుస్తకాల్లోనే ఉండి 2006లో ఈ గుడి వాకిట్లోకి వచ్చింది.

ఇక్కడ ఎపిస్కోపల్ వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలియకపోతే మిగతాది అర్థం కాదు. బాప్టిస్టు చర్చిలో స్థానిక సంఘమే సర్వం. పాస్టరును పెట్టుకోవడం, తీసేయడం, ఆస్తి అమ్ముకోవడం అన్నీ వాళ్ల ఇష్టం. ఎపిస్కోపల్ పద్ధతిలో స్థానిక సంఘం వెస్ట్రీని ఎన్నుకుంటుంది, వెస్ట్రీ పాస్టరును ఎంచుకుంటుంది, కానీ ఆ పాస్టరుకు అభిషేకం చేసేది, పని చేయనిచ్చేది బిషప్. ఏటేటా సంఘం లెక్కలు డయోసిస్‌కు పంపాలి. డయోసిస్ మహాసభకు ప్రతినిధులను పంపాలి. మూడేళ్లకోసారి దేశమంతటికీ జనరల్ కన్వెన్షన్ జరుగుతుంది, దాని శాసనాలు కింది వరకూ వర్తిస్తాయి. గుడిని ప్రతిష్ఠించేది బిషప్, ప్రతిష్ఠించిన గుడిని తాకట్టు పెట్టాలన్నా, అమ్మాలన్నా పైవాళ్ల అనుమతి కావాలి.

దస్తావేజుల్లో మాత్రం ఈ వ్యవస్థ సగం కనిపిస్తుంది, సగం కనిపించదు. వర్జీనియా రాజ్యాంగం చర్చిలను సంస్థలుగా రిజిస్టరు చేయనిచ్చేది కాదు. ఆ నిషేధాన్ని 2002లో గానీ ఫెడరల్ కోర్టు కొట్టేయలేదు. అందుకని గుడి ఆస్తి స్థానికంగా నియమించిన ట్రస్టీల పేరనే ఉండేది. పైస్థాయి సభ పేర ట్రస్టు (ఒకరి పేర ఉన్న ఆస్తిని ఇంకొకరి మేలు కోసం చూసుకునే ఏర్పాటు) పెడతామంటే వర్జీనియా చట్టం చాలాకాలం ఒప్పుకోలేదు. కాబట్టి 2006లో కాగితం చూసినవాడికి యజమానులు స్థానిక ట్రస్టీలే.

అమెరికా అంతటా ఈ తగువు ఉంది. 1872లో కెంటకీలోని లూయీవిల్ ప్రెస్బిటేరియన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, పైసభలు ఉన్న చర్చిల్లో పైసభ మాటే చెల్లుతుందంది. 1979 జూలైలో జార్జియాలోని మేకన్ పట్టణపు ప్రెస్బిటేరియన్ చర్చి కేసులో దారి మార్చింది. అక్కడి సభ్యులు 164-94 ఓట్లతో విడిపోయారు. మత సిద్ధాంతం జోలికి వెళ్లకుండా మామూలు ఆస్తి చట్టంతో, దస్తావేజులు, నియమావళి, రాష్ట్ర చట్టం చూసి తేల్చవచ్చని 5-4 తేడాతో చెప్పింది. పనిలో పనిగా ఒక దారి కూడా చూపించింది: ఆస్తి తమదని సభలు అనుకుంటే ఆ మాట తమ నియమాల్లో రాసుకోవచ్చు. ఎపిస్కోపల్ వాళ్లు ఆలస్యం చేయలేదు. అదే ఏడాది సెప్టెంబరులో డెన్వర్‌లో జరిగిన జనరల్ కన్వెన్షన్ ఒక నియమం చేర్చింది. ప్రతి స్థానిక సంఘం ఆస్తీ డయోసిస్ కోసం, ఎపిస్కోపల్ చర్చి కోసం ట్రస్టుగా ఉన్నట్టే లెక్క. రాసిన వాల్టర్ డెన్నిస్ పేరు మీద దీన్ని డెన్నిస్ నియమం అంటారు.

అసలు ముడి ఇక్కడే ఉంది. దస్తావేజు ఒకరి పేర ఉంటే, ఇంకొకరు ఎక్కడో సమావేశమై అది మా కోసం ట్రస్టుగా ఉందని రాసేసుకుంటే చెల్లుతుందా? మామూలు ఆస్తి చట్టంలో ట్రస్టు పెట్టేది యజమానే. విడిపోయినవాళ్ల వాదంలో అన్నిటికంటే గట్టి రాయి ఇది. దాన్ని తేలిగ్గా తీసిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను.

2003లో న్యూ హాంప్‌షైర్ డయోసిస్ స్వలింగ సంపర్కి అని బాహాటంగా చెప్పుకున్న జీన్ రాబిన్సన్‌ను బిషప్‌గా ఎన్నుకుంది. ఎపిస్కోపల్ చర్చి ఒప్పుకుంది. దాంతో లోపల ఎప్పటినుంచో ఉన్న విభేదాలు బద్దలయ్యాయి. ఆ సిద్ధాంత చర్చలోకి నేను ఇక్కడ వెళ్లను. కోర్టు కూడా వెళ్లలేదు. ఫాల్స్ చర్చి అప్పటికి చాలా పెద్ద సంఘం. పాత గుడి చాలక 1992లో పక్కనే కొత్త ఆరాధన మందిరం కట్టుకుంది. 2006లో ఇంకొన్ని వర్జీనియా సంఘాలతో పాటు విడిపోయి, నైజీరియా ఆంగ్లికన్ చర్చి కింద అమెరికాలో పెట్టిన సంస్థలో చేరింది. ఉండిపోయిన కొద్దిమంది ఎదురుగా ఉన్న ప్రెస్బిటేరియన్ చర్చి చోటిస్తే అక్కడ ఆరాధన చేసుకున్నారు. రోడ్డుకు అటు తమ గుడి, ఇటు తాము. ఆ ఏళ్లలో రెండు పక్షాల్లోనూ ఒకే ఇంటివాళ్లు, ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు ఉన్నారని మరిచిపోకూడదు.

2008లో ఫెయిర్‌ఫ్యాక్స్ సర్క్యూట్ కోర్టు న్యాయమూర్తి రాండీ బెలోస్ 1867 నాటి చట్టం ప్రకారం విడిపోయినవాళ్ల పక్షాన తీర్పిచ్చాడు. 2010లో వర్జీనియా సుప్రీంకోర్టు కొట్టేసింది. చీలిక నిజమే, కానీ ఆ చట్టం చెప్పే ‘శాఖ’ ఆ చీలిన సభ లోంచే పుట్టాలి. నైజీరియా చర్చి ఎపిస్కోపల్ చర్చికి శాఖ కాదు, రెండూ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో వేర్వేరు సభ్యులు మాత్రమే. ఆ చట్టం పక్కన పెట్టి మామూలు ఆస్తి సూత్రాలతో మళ్లీ తేల్చమంది. అదే న్యాయమూర్తి మళ్లీ విచారించి, 2012 జనవరిలో వంద పేజీలు దాటిన తీర్పులో ఈసారి డయోసిస్ వైపు మొగ్గాడు. ఆ ఏడాదే పాత సభవాళ్లు గుడిలోకి తిరిగి వచ్చారు. 2013 ఏప్రిల్‌లో వర్జీనియా సుప్రీంకోర్టు ఖరారు చేసింది. కానుకల సొమ్ములో కొంత మాత్రం మళ్లీ లెక్క చూడమంది. 2014 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

ఎలా తేల్చారన్నదే ముఖ్యం. 2013 తీర్పు డెన్నిస్ నియమం రాసుకున్నారు కాబట్టి సరిపోయిందని చెప్పి ఊరుకోలేదు. ఆ సంఘం దశాబ్దాల తరబడి ఎలా నడుచుకుందో చూసింది. డయోసిస్‌లో చేరింది ఎవరు? బిషప్‌ చేత గుడిని ప్రతిష్ఠ చేయించుకుంది ఎవరు? అప్పు కావాల్సినప్పుడల్లా డయోసిస్ అనుమతి అడిగింది ఎవరు? మహాసభలకు ప్రతినిధులను పంపి, అక్కడి నియమాలకు కట్టుబడతామన్నది ఎవరు? డెన్నిస్ నియమం వచ్చాక కూడా పాతికేళ్లకు పైగా అభ్యంతరం చెప్పకుండా సభలో కొనసాగింది ఎవరు? ఇన్నేళ్ల నమ్మకపు సంబంధం తర్వాత ఆస్తితో బయటికి పోతామంటే కుదరదని, డయోసిస్ తరఫున ఆస్తి ట్రస్టుగా ఉన్నట్టు న్యాయం భావించాలని కోర్టు అంది. పెళ్లి రిజిస్టరు కాలేదని చెప్పి పాతికేళ్లు కాపురం చేసిన భార్యను కాదనలేనట్టే ఇదీ.

నాకు ఈ తర్కం సబబుగానే కనిపిస్తుంది. 2006లో ఓటేసినవాళ్లు ఆ గుడిని కట్టిన వాళ్లు కారు, పాడుబడితే లేపినవాళ్లూ కారు. హెన్రీ ఫెయిర్‌ఫ్యాక్స్ డబ్బు పెట్టింది ఎపిస్కోపల్ గుడికి. ఏ తరానికైనా ఓటు ఒక్కటే యోగ్యత అయితే వాళ్ల ముందు తరాలు ఏ నమ్మకంతో ఇచ్చాయో దానికి విలువ ఉండదు. ఒక్క విషయంలో మాత్రం విడిపోయినవాళ్ల బాధ నాకు న్యాయంగా అనిపిస్తుంది. 1992 మందిరానికి చందాలు ఇచ్చిన వేలమందిలో ఈ ట్రస్టు సంగతి ఎరిగి ఇచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ మాట వాళ్లకు ఎవరైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఇదే నియమం, ఇదే సభ, అయినా రాష్ట్రం మారితే ఫలితం మారింది. జార్జియాలో సవానా నగరపు క్రైస్ట్ చర్చి 2011లో ఎపిస్కోపల్ పక్షానికే మిగిలింది. టెక్సస్‌లో 2020లో ఫోర్ట్‌వర్త్ డయోసిస్ ఆస్తులు విడిపోయినవాళ్లకు వెళ్లాయి. సౌత్ కరోలినా సుప్రీంకోర్టు 2022లో ఒక్కో గుడి కాగితాలు విడివిడిగా చూసి కొన్ని ఇటు, కొన్ని అటు పంచింది.

మన వైపు కూడా ఇదే కుటుంబపు గుళ్లు ఉన్నాయి. డోర్నకల్ అలాంటి గుడి ఉన్న చిన్న రైల్వే ఊరు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్కడి నుంచే పనిచేశారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు మొదలైనవాళ్లు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక, ఆ సభ ఆస్తుల కోసం సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీని రిజిస్టరు చేశారు. వర్జీనియాలో రెండు వందల ఏళ్లు తేలని సంగతిని ఇక్కడ పుట్టిన ఏడాదే కాగితం మీద పెట్టారన్నమాట. ఊళ్లో మా తాతలు కట్టిన గుడి అని అనుకునేవాళ్లు ఆ కాగితం ఒకసారి చదివి ఉంచుకోవడం మంచిది.

విడిపోయిన ఫాల్స్ చర్చి సంఘం గుడి పోయాక కొన్నేళ్లు అద్దె చోట్లలో ఆరాధన చేసుకుని, 2019లో అదే ప్రాంతంలో సొంత చర్చి కట్టుకుంది. అది ఇప్పుడు 2009లో ఏర్పడిన ఆంగ్లికన్ చర్చ్ ఇన్ నార్త్ అమెరికాలో భాగం. ఆ సభ రాజ్యాంగంలో ఆస్తి గురించి స్పష్టంగా ఒక అధికరణం పెట్టుకున్నారు: ప్రతి సంఘం ఆస్తీ ఆ సంఘానిదే, పైసభకు దాని మీద ఎలాంటి ట్రస్టు హక్కూ ఉండదు.